కోర్టుకెక్కిన కొబ్బరికాయ

మా కార్పొరేటర్‌ను పులిని చేసింది నేనే. గొప్పకు చెప్పడం లేదు, సిగ్గుతోనే చెబుతున్నాను. ఉప్పల్‌లో ఒక ఫ్లెక్సీల దుకాణంలో కంప్యూటర్ ముందు కూర్చుని నాయకుల బొమ్మలు అతికించి, కింద నాలుగు పొగడ్తలు రాయడం నా ఉద్యోగం. అతని పుట్టినరోజుకు నేను తయారుచేసిన ఫ్లెక్సీ ఎంత పెద్దదంటే, దాని వెనకున్న మూడంతస్తుల మేడలో వారం రోజులు తెల్లవారలేదు. మీసం ఒక్కటే ఆటో పొడుగుంది. పక్కన పులిని పెట్టి, పులికన్నా అతనికే రెండు కోరలు ఎక్కువ తగిలించాను. అప్పుడు దాన్ని చమత్కారం అనుకున్నాను. అది వార్త అని తర్వాత తెలిసింది.

మొదట్లో అతను పులి కాదు, నాచారంలో నీళ్ల మోటార్లు బాగుచేసే మనిషి. మా గల్లీ నాలా పక్కన పల్లంలో ఉంటుంది. అన్నీ రేకుల ఇళ్లే. చెంగిచెర్లలో పడ్డ వాన కూడా మా అడ్రసు కనుక్కుని మరీ వచ్చి మా మంచాల కింద పడుకుంటుంది. ఒక వానాకాలం ఆ నీళ్లు మంచాల మీదికే ఎక్కాయి. అప్పుడు ఈ మనిషి లుంగీ ఎగ్గట్టి, ఛాతీ లోతు నీళ్లలో దిగి, మా పక్కింటి ముసలమ్మను భుజాన వేసుకుని మెయిన్ రోడ్డు దాకా మోశాడు. ఆమె చంకలో కోడిపెట్ట. ఆ కోడి దారి పొడుగునా అతని చెవిని పొడుస్తూనే ఉంది. అతను కోడిని కూడా ఒక్క మాట అనలేదు. తర్వాతి ఎన్నికల్లో మా గల్లీ మొత్తం అతనికే ఓటేసింది. నేనూ వేశాను. ఆ రోజు నీళ్లలో నడిచిన మనిషి మళ్లీ నిలబడితే మళ్లీ వేస్తాను. కానీ ఆ మనిషే ఎటో కొట్టుకుపోయాడు.

గెలిచాక అతను ఎదిగాడు. మెడలో గొలుసు ఎదిగింది, కారు ఎదిగింది, కారు వెనక కార్లు ఎదిగాయి. నాలా ఒక్కటే ఎక్కడున్నది అక్కడే ఉంది.

ఇళ్లు కట్టేవాళ్లకు స్లాబు పండగలాంటిది. కాంక్రీటు పోసే ముందు మేస్త్రి ఒక మూల కొబ్బరికాయ కొడతాడు. మన కార్పొరేటర్ మొదట్లో తనే వచ్చి కొట్టేవాడు, జనం మురిసిపోయేవారు. తర్వాత తీరిక లేక, కాయనే ఆఫీసుకు తెప్పించుకోవడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత కాయ ఆకారం మారి, కవరులో పట్టేలా పలచబడింది. పేరు మాత్రం మారలేదు. “అన్నకు కొబ్బరికాయ ముట్టిందా?” అని అడిగితే దాని అర్థం పసిపిల్లలకు కూడా తెలుసు. ఒక అంతస్తుకు ఒక కాయ, రెండో అంతస్తుకు రెండు, రోడ్డు వైపు దుకాణం తీస్తే గెలకు గెల. కాయ ముట్టకపోతే తెల్లారేసరికి ఎవరో ఒకరు వచ్చి పని ఆపించేవారు.

ఆ అర్థం తెలియని మనిషి ఉప్పల్, నాచారాల్లో కలిపి ఒక్కడే ఉన్నాడు. ఆ ముసలమ్మ కొడుకు. జనగామ దిక్కు నుంచి వచ్చి నాచారం ఫ్యాక్టరీలో లేతు మిషన్ మీద పనిచేస్తాడు. ఇనుములోనే కాదు, మాటలో కూడా నూలుపోగంత తేడా ఒప్పుకోడు. చాయ్ తాగుతూ “ఒక్క నిమిషంల వస్త” అన్న పాపానికి నన్ను గడియారం చూపించి నిలదీసిన మనిషి. తల్లి మళ్లీ వరదలో తడవకూడదని మీద ఒక్క గది వేయాలనుకున్నాడు. కాగితాలన్నీ తెచ్చుకున్నాడు. రేకులు విప్పి, పిల్లర్లు లేపి, చెక్కలు కొట్టించి, సలాకలు కట్టించాడు. పొద్దున కాంక్రీటు పడుతుందనగా కార్పొరేటర్ మనిషి వచ్చి, “అన్నకు ఇంకా కొబ్బరికాయ ముట్టలే” అని చెప్పి పని ఆపించాడు.

మావాడు నొచ్చుకున్నాడు. పెద్దమనిషికి మర్యాద చేయడం మరిచానని తనను తానే తిట్టుకున్నాడు. మార్కెట్‌కు వెళ్లి నాలుగు వందల కాయలు చెవి దగ్గర ఆడించి, ఒక్కటి ఎంచి, పసుపు కుంకుమ పెట్టి, తమలపాకులతో స్టీలు పళ్లెంలో పట్టుకుని ఆఫీసుకు వచ్చాడు. ఫ్లెక్సీ నమూనా చూపించడానికి వెళ్లిన నేను అక్కడే ఉన్నాను.

“ఏంది మామా ఇది?” అన్నాడు కార్పొరేటర్ మనిషి.

“కొబ్బరికాయ. మీరే అడిగితిరి గద.”

గదిలో అందరూ పగలబడి నవ్వారు. “గీ కాయ గాదు మామా, గా కాయ!”

“గా కాయ అంటే? ఎండుకొబ్బరా?”

నేనూ నవ్వాను. మావాడు కాక నవ్వనిది కార్పొరేటర్ ఒక్కడే. పళ్లెం వంక చూసి, “వాపస్ తీస్కపో. గుడిల కొట్టుకో. అసలు కాయ దెచ్చినంకనే స్లాబు,” అన్నాడు.

దారిలో నేను అర్థం చెప్పాను. మావాడు రోడ్డు మధ్యలో ఆగిపోయాడు. వెనక బస్సు హారన్ కొడుతున్నా కదలలేదు.

“మా అమ్మను మోసిన భుజం గదనే అది? గా భుజమోడు, అమ్మ తడవకుండ గది ఏస్తనంటే పైసలడుగుతడా?”

“అందరు ఇస్తున్రు. నువ్వు గూడ ఇచ్చెయ్ భయ్, ఫికర్ వోతది,” అన్నాను. ఆ మాట అన్న నాలుకతోనే ఇప్పటికీ అన్నం తింటున్నాను.

అతను ఇవ్వలేదు, వెళ్లి ఏసీబీకి ఫిర్యాదు చేశాడు. అధికారులు పొడి పూసిన నోట్లు చేతికిచ్చి పంపారు. కార్పొరేటర్ ఆ “అసలు కాయ” అందుకున్నాడు. పొడి అంటిన అతని చేతులు గిన్నెలో ముంచితే నీళ్లు రోజ్ మిల్క్ రంగుకు తిరిగాయి. పులి గారి పంజా కడిగిన నీళ్లు గ్లాసులో పోసి అమ్ముకునేంత తియ్యగా కనిపించాయి.

గల్లీ సంబరపడిందనుకుంటున్నారా? లేదు. మావాణ్ని పలకరించడమే మానేసింది. “గరీబోడైనా గర్వం జూడు,” అన్నారు. “అందరం ఇస్తలేమా? ఈన ఒక్కడే సత్తెకాలపోడు!” లంచం తిన్నవాడిమీద లేని కోపం, పెట్టనివాడి మీద! అందరికన్నా ముసలమ్మ కోపం పెద్దది. “నన్ను నీళ్లలకెల్లి తీసినోన్ని పట్టిస్తివి గదరా,” అని కొడుకుతో మాట మానేసింది. అతను పెట్టిన అన్నం తినేది, చెప్పాల్సింది మాత్రం కోడికి చెప్పేది. “ఉప్పు లేదని జెప్పే మీ అన్నకు.”

కార్పొరేటర్ బెయిలు మీద బయటికొచ్చిన రోజు జేసీబీతో పూలు కురిపించారు. “కడిగిన ముత్యం” అని ఫ్లెక్సీ కట్టారు. అదీ నేనే రాశాను. చేతులు కడిగితే నీళ్లు రంగు మారిన ముత్యం!

కేసు మూడు వానాకాలాలు నడిచింది. కేసులో ఉన్న కట్టడమని ఎవరూ స్లాబు వేయనివ్వలేదు. పైన సలాకలు తుప్పు పట్టాయి, చెక్కల కింద టార్పాలిన్ కట్టుకున్న ఇంట్లో మంచాలు ఇటుకలెక్కాయి.

కోర్టులో కార్పొరేటర్ వకీలు చాలా తెలివైనవాడు. తన మనిషి దైవభక్తుడట, కొబ్బరికాయ అంటే కొబ్బరికాయేనట, నోట్లు పార్టీ చందా అట. నన్ను బోనెక్కించి కొబ్బరికాయ అంటే ఏమిటన్నారు. నాకు తెలిసింది చెప్పాను.

వకీలు లేచాడు. “మీరు నా క్లయింటును పులి అని రాశారా?”

“రాసిన సార్.”

“ఆయన పులా?”

“కాదు సార్.”

“అయితే మీ మాటలకు అర్థం ఉండదన్నమాట.”

కోర్టంతా నవ్వింది. నా చెవులు కాలాయి. “అది పైసలకు రాసిన సార్,” అన్నాను. “ఇది ఎవరు ఏం ఇయ్యకుంటనే చెప్తున్న.”

తర్వాత మావాణ్ని పిలిచారు. అవే ప్రశ్నలు అటు తిప్పి ఇటు తిప్పి అడిగారు. అతను చేతులు కట్టుకుని ఒక్క మాట అన్నాడు.

“సార్, కాయ అంటే కాయే అయితే, నేను దెచ్చిన కాయ ఎందుకు వాపసిచ్చిన్రు?”

జడ్జి గారు రాయడం ఆపి తలెత్తారు. వకీలు కాగితాలు తిరగేశాడు. కార్పొరేటర్‌కు శిక్ష పడింది.

తుప్పు గీకి, పాడైన సలాకలు మార్చి మావాడు స్లాబు వేశాడు. ఆ రోజు గల్లీలో ఒక్క తలుపూ తెరుచుకోలేదు. అంత చప్పుడు చేసే కాంక్రీటు మిషన్ ఎవరికీ వినబడలేదట. కూలీలకూ గల్లీకీ కలిపి వండిన కోడికూరలో సగం మిగిలిపోయింది.

తర్వాత ఆ స్లాబు మీద గోడలు లేచాయి, పైన రేకులు పడ్డాయి. కిటికీలకు తలుపులింకా పెట్టనేలేదు, వాన మొదలైంది. మధ్యాహ్నానికి నీళ్లు గడపలు దాటాయి. మా గల్లీలో మీద గది ఉన్నది ఒక్క ఇంటికే. మూడేళ్లు అతని ముఖం చూడనివాళ్లంతా బియ్యం డబ్బాలు, టీవీలు, గ్యాసు బండలు మోసుకుంటూ ఆ మెట్లెక్కారు. రావద్దని అతను ఎవరినీ అనలేదు. తల్లిని కోడితో సహా ఎక్కించాడు, పక్కింటి కుట్టు మిషన్ కూడా తనే ఎత్తి తెచ్చాడు. పన్నెండు అడుగుల గదిలో సగం తెలంగాణ పట్టింది.

పొడిగా కూర్చున్నాక ఒకామె నిట్టూర్చింది. “పాపం, అన్న జైల్ల ఎట్లున్నడో ఏమో.”

“ఎవడి ఉసురు తగిలిందో,” అన్నాడు ఇంకొకడు, ఆ స్లాబు మీదే కూర్చుని, ఆ గోడకే ఆనుకుని.

నాకు ఒళ్లు మండింది. ఆ మంటకు నా తడి చొక్కా ఆరిపోయింది. నోరు తెరిచేలోపు మూలనుంచి ముసలమ్మ గొంతు లేచింది.

“గది కట్టినోడు మెట్ల మీద తడుస్తున్నడు, తిట్టినోళ్లు లోపట కూసున్నరు. సిగ్గుండాలె. జరుగున్రి! అరేయ్ కొడుకా, లోపలికి రా.”

కుట్టు మిషన్ మోసి వచ్చి, చోటు లేక బయటే నిలబడ్డ మావాడు తలుపులేని గుమ్మంలోంచి తొంగి చూశాడు. తనను పిలిచిందో, కోడిని పిలిచిందో తేల్చుకోలేకపోయాడు.

“నిన్నేరా,” అంది ఆమె.

ఎవరూ కదల్లేదు. గాలివాన జల్లు కొట్టని ఒకే ఒక్క మూల నేను కాళ్లు చాపుకుని కూర్చున్నానని అప్పుడు చూసుకున్నాను. లేచి, నా సామాను ఎత్తుకుని, కిటికీ జల్లులోకి జరిగాను.