పోలీసుల రేడియో, పాల ముహూర్తం

హైవే పోలీసులు తమలో తాము ఏం మాట్లాడుకుంటారో వినాలన్న కోరిక నాకు ఎప్పుడు పుట్టిందో చెప్పలేను గానీ, ఎక్కడ పుట్టిందో చెప్పగలను. లండన్ చుట్టూ తిరిగే ఎం25 హైవే మీద. క్రోయిడన్ నుంచి వాట్‌ఫర్డ్‌లో ఆఫీసుకు వెళ్తూ, కదలని లారీ వెనకభాగాన్ని అక్షరం పొల్లుపోకుండా చదివేసిన తరువాత. ముందు ఏం జరిగిందో పోలీసులకు తెలుసు. రేడియోలో చెప్పుకుంటూనే ఉంటారు. మనకే చెప్పరు. నాకు వినబడకుండా ఎవరైనా ఏదైనా మాట్లాడుకుంటే నాకు గిట్టదు. పెళ్ళిళ్ళలో కూడా అంతే.

అందుకని ఒక స్కానర్ కొన్నాను. గాలిలో తిరిగే మాటలను ఛానెల్ తరువాత ఛానెల్ వెతికి పట్టే చేతి రేడియో అది. అమ్మిన తెల్లాయన నేనెందుకు కొంటున్నానో విని జాలిగా చూశాడు. పోలీసుల మాటలు బయటివాళ్ళకు అర్థంకాకుండా కోడ్‌లోకి మారి చాలా ఏళ్ళయిందట. ఒకవేళ వినబడినా వినడం నేరమట. అప్పటికే డబ్బా నా చేతిలో ఉంది. తిరిగి ఇచ్చేస్తే పరువు తక్కువని, అదంతా నాకు ముందే తెలిసినట్టు తలూపి ఇంటికి తెచ్చుకున్నాను.

ఇక దొరికినవే విన్నాను. లైసెన్సు తీసుకుని సరదాకి రేడియోలో మాట్లాడుకునే పెద్దమనుషులు ఇద్దరు దొరికారు. ఒకాయనకు మోకాలి నొప్పి, ఇంకొకాయనకు టమాటా మొక్కలు. రోజూ అవే. కొండను తవ్వి ఎలుకను పట్టానని మా ఆవిడ అంది. అననీయండి. ఆయన మోకాలికి ఆపరేషన్ అయిన రోజు నేను నిజంగానే కంగారు పడ్డాను.

ఆ తరువాత లారీ డ్రైవర్ల ఛానెల్ దొరికింది. అందరూ ఫోన్లలోకి వెళ్ళిపోయినా, పాత అలవాటు కొద్దీ కొందరు ఇంకా అందులోనే రోడ్డు సంగతులు చెప్పుకుంటారు. ఎవరైనా వినొచ్చు, కేసు లేదు. నాకు కావలసింది ఇదే. ఆ రోజు నుంచి కారులో కూర్చుంటే చాలు, మా ఆవిడకు సలహాలు ఇవ్వడం మొదలుపెట్టాను. ఇద్దరం కలిసి వెళ్తే కారు నడిపేది ఆవిడే. నేను నడిపితే ఊరేగింపులా ఉంటుందని ఆవిడ అభిప్రాయం.

హౌన్స్‌లోలో ఒక సీమంతానికి వెళ్తున్నప్పుడు, ముందు రోడ్డు మూసేశారని చెప్పి దారి మళ్ళించాను. మూసిన మాట నిజమే. నేను విన్నాక తెరిచిన మాట కూడా నిజమేనట. మేం వెళ్ళేసరికి పంక్తులు లేచిపోయాయి. అప్పడాలూ పెరుగూ మిగిలాయి. తిరిగి వస్తూ ఆవిడ ఒక నిబంధన పెట్టింది.

“ఆ డబ్బా కారులోకి రావచ్చండీ. మీ నోరు మాత్రం రాకూడదు.”

ఇంతలో వాట్‌ఫర్డ్‌లో ఇల్లు కొన్నాం. సొంత ఇల్లు. ఈ దేశంలో మేం ఉన్న ప్రతి అద్దె ఫ్లాటులోనూ మా ఆవిడ పాలు పొంగించింది. కానీ అది పొంగించడమా? పాలు అంచుకు వచ్చాయో లేదో, గభాలున స్టవ్ కట్టేసేది. ఓనర్ పొయ్యి మీద మరక పడకూడదు కదా. “మనింట్లో మాత్రం పొంగినంతసేపూ పొంగనిస్తాను” అని ప్రతి ఫ్లాటులోనూ అనేది. ఆవిడ ఇల్లు కొన్నది గదుల కోసం కాదు, ఆ ఒక్క గిన్నెడు పాల కోసమేనని నాకు అప్పుడప్పుడు అనిపించేది.

గృహప్రవేశానికి ముహూర్తం పొద్దున పదకొండు లోపల. పంతులుగారు నేరుగా ఇంటికి వస్తానన్నారు. తాళంచెవి మా దగ్గర. క్రోయిడన్ నుంచి వాట్‌ఫర్డ్ అంటే లండన్ చుట్టూ సగం ప్రదక్షిణ, అదీ సవ్య దిశలోనే, శుభమని ఆవిడ సంతోషించింది. నా ఒళ్ళో దేవుడి పటం, కాళ్ళ సందున పాల క్యాను, చెవి దగ్గర స్కానర్.

హీత్రో ఎయిర్‌పోర్టు ఇంకా రాకముందే ఒక డ్రైవరు గొంతు పలికింది. ఎయిర్‌పోర్టు దగ్గర కారవాన్ బోల్తా పడింది, లేన్లన్నీ మూసేశారు, ఎం25 మీద ఇటు వచ్చేవాళ్ళు ముందే హైవే దిగిపోండి అని.

“దిగిపోదాం” అన్నాను.

“మాట్లాడొద్దన్నాను కదండీ.”

“ఈసారి నిజం.”

“పోయినసారీ నిజమే అన్నారు. అప్పడాలు తినొచ్చాం.”

నాన్నా పులి కథలో కుర్రాడి మీద నాకు ఎప్పుడూ లేనంత సానుభూతి కలిగింది. దిగాల్సిన దారి పక్కనుంచి వెళ్ళిపోయింది. కాసేపటికి ముందున్న కార్ల వెనక ఎర్రలైట్లు వరసగా వెలిగాయి. అంతా ఆగిపోయింది. నా మాట నెగ్గిందన్న సంతోషం నాకు కలిగింది, కాదనను. ఆవిడ మొహం చూసేవరకే.

పంతులుగారు ఫోన్ స్పీకర్లో పలికారు. “ఎక్కడున్నారమ్మా?”

“ఎయిర్‌పోర్టు దగ్గరండీ.”

“కదులుతోందా?”

“లేదండీ.”

ఆయన జాగ్రత్తగా రమ్మని ఫోన్ పెట్టేశారు. మా ఆవిడ స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని చప్పుడు లేకుండా ఏడుస్తోంది. ఆవిడ పోట్లాడే మనిషి, ఏడ్చే మనిషి కాదు.

“ఇన్నేళ్ళు వేరేవాళ్ళ పొయ్యిల మీద పాలు టైముకు పెట్టాను. మన పొయ్యి మీదకి వచ్చేసరికి చూడండి” అంది. కళ్ళు తుడుచుకుని, “మీ డబ్బా ఏమంటోంది?” అని అడిగింది.

కొన్నాక ఆవిడ నా డబ్బాను సలహా అడగడం అదే మొదలు. తీరా వింటే డబ్బా రెండు మాటలు అంటోంది. దిగేవాళ్ళ కోసం ఎడమ లేను మెల్లగా పాకుతోంది, వచ్చే దారిలో దిగి ఊళ్ళమీదుగా పొమ్మంటాడు ఒకడు. దిగొద్దు, ఇంకాసేపట్లో రోడ్డు తెరుస్తారంటాడు ఇంకొకడు. ఇన్నాళ్ళూ ఎవరూ అడక్కుండా చెప్పాను కాబట్టి భయం తెలియలేదు.

“చెప్పండి. దిగనా, ఉండనా?”

“దిగు” అన్నాను. దేవుడి పటాన్ని గట్టిగా పట్టుకున్నాను.

దిగాం. రౌండెబౌట్ల మీద రౌండెబౌట్లు తిరిగాం. అన్నీ దాటాక, కంచెల మధ్య సన్నటి దారిలో ఒక మహాతల్లి గుర్రమెక్కి మా ముందు నడిచింది. దాటడానికి చోటులేదు. హారన్ కొడితే గుర్రం బెదురుతుంది. దాని తోక చూస్తుండగానే పదకొండు దాటిపోయింది. నేను స్కానర్ కట్టేసి సీటు కిందకు తోశాను.

ఇంటి ముందు పంతులుగారు కారు బానెట్ మీద మామిడాకులు సర్దుకుంటున్నారు.

“రండమ్మా, టైముంది” అన్నారు.

“పదకొండు దాటిపోయింది కదండీ” అంది మా ఆవిడ.

“అది మీకు చెప్పిన ముహూర్తం. పన్నెండు లోపల ఇంకోటుంది. ఈ దేశంలో నేనెప్పుడూ రెండు చూస్తానమ్మా. ఒకటి చెప్తాను, ఒకటి దగ్గరుంచుకుంటాను.”

“ముందే చెప్తే మీ సొమ్మేం పోయిందండీ? దారంతా ఏడ్చాను.”

“చెప్తే అందరూ రెండోదానికే బయల్దేరతారమ్మా. అప్పుడు నా దగ్గర మూడోది ఉండదు.”

ఆయన్ని కొట్టాలో దణ్ణం పెట్టాలో తేలక మా ఆవిడ దణ్ణమే పెట్టింది.

పొయ్యి మీద గిన్నె పెట్టింది. మంత్రాలు సాగుతున్నాయి. పాలు లేచాయి. అలవాటు కొద్దీ నా చెయ్యి స్టవ్ మీదకు పోయింది. ఆవిడ నా మణికట్టు పట్టుకుంది. పాలు అంచుదాటి, పొయ్యంతా పారి, మంటనే ఆర్పేశాయి. వంటిల్లంతా మాడు వాసన.

పంతులుగారు చేతులు కడుక్కోవడానికి వెళ్ళారు. ఆవిడ ఆ పొయ్యినే చూస్తూ నిలబడింది.

“క్యానులో ఇంకా పాలున్నాయా?” అని అడిగింది.

“ఉన్నాయి. ఎందుకు?”

“ఇంకోసారి పెట్టండి. ఇందాకటిది దేవుడికి. ఇది నాకు.”

పొయ్యి సగమే తుడిచి, మళ్ళీ వెలిగించాను.