ముల్లు నిలబడిన సాయంత్రం

నా చిన్నప్పుడు మా జీపు మీటరు చెడిపోయిందన్న కబురు ముందుగా మోసుకొచ్చింది మా పక్కింటి అక్క. పొద్దున మా జీపులోనే ప్రొద్దుటూరు సంతకు పోయిన మనిషి, సాయంత్రానికి వేరే బండిలో దిగింది. నెత్తిమీద గంప దించకుండానే మా గుమ్మంలో నిలబడి, "మీ బండి ముల్లు దయ్యం పట్టినట్టు ఊగుతాందంట మ్మే! బ్రేకు ఇన్‌స్పెక్టరు చూసి, ఈ బండి పనికిరాదన్యాడు. ఎల్లుండి పొద్దున్నకు బాగు చేసుకోని రాకుంటే జీపు మూలకు పెట్టాల్సిందేనంట" అని ఒక్క గుక్కలో చెప్పేసింది.

ఆ జీపే మాకు అన్నం. జమ్మలమడుగు దగ్గరి మా పల్లె నుంచి ప్రొద్దుటూరికి నాయన రోజూ జనాన్ని తిప్పేవాడు. మేకలు ఉండేవి కానీ, వానలు మొహం చాటేసిన ఏడాది మేకలకే మేత కరువు. పసితనంలో వచ్చిన జ్వరానికి నా కాలు ఒకటి బలహీనపడింది. బడి దూరం కావడంతో నాయనే ఇంట్లో చదువు చెప్పాడు. అంకెలు నేను పలక మీద కన్నా ముందు ఆ జీపు మీటరు మీదే నేర్చుకున్నాను. ఆ ముల్లు ఏ అంకె దగ్గర నిలబడిందో చూసి బండి ఎంత వేగంగా పోతోందో చెప్పడం నాకొక ఆట.

ఇంట్లో మా జేజి కూడా ఉండేది. జేజి అంటే నాయన వాళ్లమ్మ. తాత పోయాక ఊళ్లో శుభకార్యాలకు ఆమెను ఎవరూ చేయి వేయనిచ్చేవారు కాదు. ఆమె కూడా అదే ధర్మమనుకుని దూరంగా ఉండేది. నాయన మాత్రం ఒప్పుకోలేదు. బండికి దిష్టితాడు కడితే తన అమ్మే కట్టాలని పట్టుబట్టాడు. అప్పటి నుంచి ప్రతి అమావాస్యకూ జేజి నిమ్మకాయ, మిరపకాయలు గుచ్చిన నల్లతాడు కట్టేది. మొదట ముందు బంపరుకు కట్టింది. మా మేకలు మిరపకాయలతో సహా నమిలేశాయి. జేజి వాటిని తిట్టిపోసి, వాటి నోటికి అందని చోటు వెతుక్కుంది. అది ఎక్కడో మేమెవరం అడగలేదు.

అక్క చెప్పిన కబురు వీధంతా పాకింది. ఎదురింటి పెద్దమ్మ అరుగు మీద నుంచే, "గాజుల్లేని చేత్తో తాడు కట్టిస్తే ముల్లు ఊగక ఏం జేచ్చాది?" అంది. ఆ మాట జేజి చెవిన పడింది. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని, "నాయనా, ఇంగ నన్ను బండి తాకమనొద్దు" అని మాత్రం అంది. నాయన ఆమె కంచంలో ఇంకో ముద్ద పెట్టాడు. ఆ మాటకు ఆయన ఒప్పుకోలేదని నాకు తెలుసు.

మరుసటి రోజు పొద్దున్నే బస్సెక్కి పులివెందుల పోయి, పాత సామాన్ల అంగడిలో అలాంటిదే ఇంకో మీటరు వెతికి తెచ్చాడు. బిగించి వీధి చివరిదాకా పోయి వచ్చాడు. కొత్తగా వచ్చిన ముల్లు కూడా పాతదానిలాగే ఎగిరెగిరి పడింది. నేను ఏడుపు మొహం పెట్టాను. నాయన మొహంలో మాత్రం ఏదో తేటపడింది. మీటరు మారినా ఊపు మారలేదంటే చెడింది మీటరు కాదన్నమాట.

గేరుబాక్సు నుంచి మీటరు దాకా పసిరికపాములాంటి సన్నని గొట్టం ఒకటి పోతుంది. దాని లోపల ఒక తీగ. బండి కదిలితే తీగ తిరుగుతుంది, తీగ తిరిగితే ముల్లు లేస్తుంది. నాయన జీపు కింద పడుకుని గొట్టం కింది కొస ఊడదీశాడు. నన్ను పైన సీట్లో కూర్చోబెట్టి, తాను వేళ్లతో తీగను తిప్పుతూ ముల్లు ఏం చేస్తోందో చెప్పమన్నాడు.

"ఎగిరింది! పడిపాయ! మళ్లీ ఎగిరింది నాయనా!"

"ఏంది మ్మే, రేడియోలో ఆట చెప్తాండావా?" అని కింద నుంచి నవ్వాడు.

తీగను బయటికి లాగి కిరసనాయిలుతో కడిగాడు. నల్లగా గడ్డకట్టిన పాత గ్రీజు వదిలింది. కొత్త గ్రీజు పలచగా రాసి మళ్లీ దూర్చాడు. అయినా తీగ ఒకచోట పట్టేస్తోంది. అప్పుడు జీపు ముందుభాగంలోకి వచ్చి, మీటరు కింద చేయి పెట్టి గొట్టాన్ని తడుముకుంటూ పోయాడు. ఒకచోట ఆ చేయి ఆగిపోయింది. నేను కూడా వంగి చూశాను. నల్లతాళ్లు, వాటికి ఎండి ముడుచుకున్న నిమ్మకాయలు, మిరపకాయలు. ఒకదానిమీద ఒకటి, అమావాస్య మీద అమావాస్య. పాతది విప్పడం మంచిది కాదని జేజి దానిమీదే కొత్తది కట్టుకుంటూ వచ్చింది. ఆ ముడులన్నీ కలిసి గొట్టాన్ని పక్కనున్న ఇనుపపట్టీకి లాగి, మోచేయిలా వంచేశాయి.

అప్పటికే పక్కింటి అక్క, ఎదురింటి పెద్దమ్మ చోద్యం చూడటానికి వచ్చి నిలబడ్డారు. నాయన ఆ తాళ్లను గుట్టుగా కోసి జేబులో వేసుకుంటాడనుకున్నాను. ఆయన గట్టిగా పిలిచాడు. "అమ్మా, ఒకసారి ఈడికి రా."

జేజి వచ్చి చూసింది. "నా చేత్తోనే చెడిందా నాయనా?"

"ముడి బాగనే ఏసినావు మా. చోటు బాగలేదు, అంతే."

"నేను అప్పుడే చెప్పల్యా?" అంది పెద్దమ్మ.

"నువ్వు చెప్పింది గాజుల సంగతి పెద్దమ్మా. ఇది గొట్టం వంగిన సంగతి. గాజులేసుకున్నోళ్లు కట్టినా వంగుతాది."

పక్కింటి అక్క కొంగు అడ్డం పెట్టుకుని కిసుక్కున నవ్వింది. పెద్దమ్మ మేకను కట్టెయ్యాలంటూ ఇంటికి పోయింది.

ముడులు జేజి చేతే విప్పించాడు నాయన. గోళ్లతో ఒక్కొక్కటే విప్పి, తాళ్లన్నీ ఒళ్లో వేసుకుందామె. గొట్టం నిటారుగా సర్దుకుంది. నాయన మళ్లీ కింద పడుకుని తీగ తిప్పాడు. ముల్లు మెల్లగా లేచి, మెల్లగా దిగింది. నేను అరవడం మరిచిపోయి చూస్తూ ఉండిపోయాను.

అయితే ఆయన పని అక్కడితో అయిపోలేదు. కొత్త నల్లతాడు తెచ్చి జేజి ముందు పెట్టాడు. జేజి చేతులు వెనక్కు లాక్కుంది. నాయన జీపు మెట్టు మీద కూర్చున్నాడు. "నువ్వు కట్టకుంటే రేపు నేను తాళం తిప్పను. బండి ఈడనే ఉంటాది."

"అట్లయితే తినేదేందిరా?"

"అది నువ్వే చెప్పాల."

దీపాలు పెట్టే వేళ దాటింది. ఆయన లేవలేదు. చివరికి జేజి, "యాడ దొరికినావురా మొండోడా" అంటూ తాడు అందుకుంది. అందుకుని, బండి వైపు చూసి, అంతవరకు ఎన్నడూ అడగని మాట అడిగింది. "యాడ కట్టాల?"

నాయన వెనక చూసే అద్దం కమ్మీ చూపించాడు. ఆమె కట్టింది.

మరునాడు పొద్దున్నే బయల్దేరేటప్పుడు జేజి అలవాటుగా తలుపు చాటుకు పోయింది. తాను ఎదురైతే పని చెడుతుందని ఆమె భయం. నాయన బండి కదిలించకుండా, "ఎదురు రా మా" అన్నాడు. ఆమె వచ్చి జీపు ముందు నిలబడి, రెండు చేతులు జోడించి దేవుణ్ణి తలచుకుని పక్కకు జరిగింది. ప్రొద్దుటూరు దాకా నేను ముల్లు మీద నుంచి కన్ను తీయలేదు. ఇన్‌స్పెక్టరు బండెక్కి కొంతదూరం నడిపి చూసి, ఇక బండి తిప్పుకోవచ్చన్నాడు.

ఆనాడు నాయన ఆ ముడుల సంగతి దాచి ఉంటే జీపు బాగుపడేదేమో కానీ, తన చేయే చెడ్డదన్న భయం జేజితోనే ఉండిపోయేది. నేను కోడళ్లు, మనవరాళ్లు ఉన్న ఇల్లు నడిపాను. పాలు విరిగినా, మాట విరిగినా, ఎవరివల్ల అని అడగబోయి నాలుక కరుచుకుని, ఎక్కడ చెడింది అని అడుగుతాను. అలాంటి తండ్రి దగ్గర చదువుకునే భాగ్యం ఇచ్చిన భగవంతునికి రోజూ దండం పెట్టుకుంటాను.

అయినా ఈ కథ చదివినవాళ్లను నేను కోరేది నాయనను తలచుకోమని కాదు. ఆయన మొండితనం ఆయనకు పుట్టుకతో వచ్చింది. తన పొరపాటును వీధి ముందు చూసుకున్నాక కూడా, అదే చేత్తో మళ్లీ తాడు పట్టుకుని "యాడ కట్టాల" అని అడగడానికి ఎంత గుండె కావాలో నాకు ఈ వయసుకు తెలిసింది. ఈ పూట మీ దేవుని ముందు నిలబడినప్పుడు మా జేజిని ఒక్కసారి తలచుకోండి.