పాత సరుకు ముందు

ఆయన అసలు పేరు జీతాల కాగితం మీద తప్ప ఆ ఫ్యాక్టరీలో ఎక్కడా వినపడదు. అందరికీ ఆయన పాతసరుకుగారే. విడిభాగాల స్టోరుకి ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆయనే కీపరు. బేరింగులైనా, బోల్టులైనా, ఆఖరికి చీపుళ్ళైనా, వచ్చిన రోజే పెట్టె మీద ఎర్ర పెన్సిలుతో తారీఖు వేస్తాడు. ముందొచ్చింది ముందు పోవాలి. పాతది ఉండగా కొత్త పెట్టె విప్పమని మేనేజరు చెప్పినా వినడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

ఈమధ్య డాక్టరమ్మ ఆయన బీపీ చూసి పెదవి విరిచింది. పాత మాత్రకి లొంగడం లేదంటూ కొత్తది రాసింది. ఒంటికి అలవాటయ్యేదాకా కాస్త తల తిరగొచ్చనీ, మంచం మీంచి లేవగానే పది లెక్కపెట్టి మరీ నిలబడమనీ చెప్పింది. ఆ రోజు నుంచి రాత్రి భోజనం కాగానే భార్య కొత్త మాత్ర అరచేతిలో పెట్టి, ఆయన మింగేదాకా ఎదురుగా నిలబడేది. పెళ్ళయిన కొత్తలో కూడా నా మొహం ఇంత శ్రద్ధగా చూడలేదు నువ్వు అని ఆయన వేళాకోళమాడితే, చూడ్డానికి అప్పుడేముంది గనక అనేది ఆవిడ.

పాతవి ఆపేయమని కూడా డాక్టరమ్మ చెప్పింది. ఆ ఒక్క మాటా ఈయన ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాడు. స్టోరులో ఆయన బల్ల సొరుగులో ఇంకా పదిహేడు మాత్రలున్నాయి. నిక్షేపంలాంటి సరుకు! అవి అయిపోగానే ఎలాగూ ఆపేసేదే కదా అనుకుని, ఎప్పటిలాగే రోజూ పొద్దున టీ తాగాక ఒకటి వేసుకుంటూ వచ్చాడు. ఇంట్లో చెప్పలేదు. కుర్చీలోంచి లేచినప్పుడల్లా ఇనప అరలు పక్కకి ఒరిగినట్టుండేది. తప్పంతా కొత్త మాత్రదే అనుకున్నాడు. కొత్త కోడలు కదా, ఇల్లు అలవాటు కావద్దూ అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

ఎనిమిదో రోజున వియ్యంకుడు స్టోరుకొచ్చాడు. ఆయనా అక్కడే ఫిట్టరు. ఒక యంత్రం ఆగిపోయింది, పెద్ద బేరింగు కావాలి. చేతికందే అరలోనే ఒక పెట్టె ఉంది. కానీ అది మొన్న వచ్చింది. పాత తారీఖు పెట్టె పైఅరలో ఉంది. ఈ కిందదే ఇచ్చేయమని వియ్యంకుడు అంటున్నా వినకుండా పాతసరుకుగారు నిచ్చెనెక్కాడు.

ఐదో మెట్టు మీద పెట్టె చేతిలోకి తీసుకోగానే కళ్ళు బైర్లు కమ్మాయి. ఒక చెయ్యి ఎలాగో అరని పట్టుకుంది. రెండో చేతిలో పెట్టె లేదు. కింద ఏదో పగిలిన చప్పుడు వినపడింది. వియ్యంకుడి గొంతు మాత్రం వినపడలేదు. చంపేశాను అనుకున్నాడాయన. పై ప్రాణాలు పైనే పోయాయి.

చంపలేదు. కాసేపటికి వియ్యంకుడే పైకెక్కి, నడుం పట్టుకుని ఒక్కొక్క మెట్టూ దింపాడు. ఫస్ట్ ఎయిడ్ గదిలో నర్సు బీపీ చూసి, నమ్మలేక మళ్ళీ చూసింది. తొంభైకి యాభై. ఏం మందులు వాడుతున్నారని అడిగితే, సొరుగులోని మాత్రల అట్ట తెప్పించి చూపించాడు. దాని మీద కూడా ఎర్ర పెన్సిలు తారీఖుంది.

"కొత్తదీ ఇదీ రెండూ వేసుకుంటున్నారా?" అంది నర్సు.

"పాతవి ఉన్నాయి కదమ్మా. అయిపోయాక ఆపేద్దామనే."

నర్సు వెంటనే డాక్టరమ్మకి ఫోను చేసింది. పాతది ఈ క్షణం నుంచే బందు, సాయంత్రం వచ్చి కనపడాలి, తను చెప్పేదాకా నిచ్చెన మాటే ఎత్తకూడదు అని అటునుంచి జవాబొచ్చింది.

ఎప్పుడూ నోరు మూతపడని వియ్యంకుడు అప్పటిదాకా గోడవైపు చూస్తూ కూర్చున్నాడు.

"బూటులేసు ఊడింది బావగారూ," అన్నాడు చివరికి. "కట్టుకుందామని ఒక్క అడుగు వెనక్కి వేశాను. నేను నిలబడ్డచోట గచ్చు పగిలింది."

ఇద్దరికీ ఉన్నది ఒక్కతే మనవరాలు. ఆ పిల్లకి తాతలిద్దరూ కావాలి.

చేతిలో అట్ట అలాగే ఉంది. చూపు దాని మీద పడి, అలవాటు కొద్దీ లెక్కపెట్టాడు. తొమ్మిది. ఇది జరక్కపోయి ఉంటే ఇంకా తొమ్మిది రోజులు ఇలాగే మింగి, ఆ నిచ్చెనే ఎక్కేవాడు. కింద ఎవరో ఒకరు నిలబడి ఉండేవారు. అంత జరిగాక కూడా లోపల ఎక్కడో, అయ్యో, తొమ్మిది దండగైపోతున్నాయే అనిపించింది. అలా అనిపించినందుకు తనని చూస్తే తనకే భయమేసింది.

"బావగారూ," అంటూ అట్ట చాచాడు. "ఇవి మీరే పారెయ్యండి. నా చేతిని నేను నమ్మలేను."