బటనమ్మ చుక్కలు

ఆస్పత్రికొచ్చే పిల్లలంతా ఆవిడని బటనమ్మ అంటారు. పద్దెనిమిదేళ్లుగా ఆవిడ పని ఒక్కటే, పిల్లల ధ్యాస కొలవడం. పిల్లల్ని తెర ముందు కూర్చోబెట్టి, దాని మీద దీపం వెలిగినప్పుడల్లా బటన్ నొక్కించి, ఎంత త్వరగా నొక్కారో రాసి డాక్టరుకి పంపడం. ఫారంలో సగటుకి మాత్రమే గడి ఉంది. ఆ గడి అంటే ఆవిడకి ఒళ్లుమంట. మొదట్లో దాన్నే నమ్మి, "సగటు బాగానే ఉందండీ, లోపమేం లేదు" అని ఎంతమంది పిల్లల్ని తిట్లు తినడానికి ఇంటికి పంపిందో తలుచుకుంటే ఇప్పటికీ ముద్ద దిగదు. అందుకే ఇప్పుడు ప్రతి నొక్కుడుకీ గ్రాఫు కాగితం మీద ఓ చుక్క పెడుతుంది. వెంట వచ్చిన పెద్దవాళ్లనీ కూర్చోబెట్టి నొక్కిస్తుంది.

ఆ రోజు ఓ బస్సు డ్రైవరు పద్నాలుగేళ్ల కూతుర్ని తీసుకొచ్చాడు. పిల్ల కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"కావాలనే చేస్తుందమ్మా. ఒకసారి పిలవకముందే వచ్చేస్తుంది, ఇంకోసారి గొంతు చించుకున్నా పలకదు. సోమవారం హాస్టల్లో పడేస్తాను, తిక్క కుదురుతుంది."

"పడేద్దురుగానిలెండి. ముందు మీరూ నొక్కండి."

"నేనా? రోజంతా బ్రేకు తొక్కేవాణ్ణి!" అని నవ్వాడు డ్రైవరు.

పిల్ల పావుగంట నొక్కింది, ఆ తర్వాత తండ్రి. బటనమ్మ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టింది. సగటు ఇద్దరిదీ ఇంచుమించు ఒకటే. తండ్రి చుక్కలు బుద్ధిగా వరసలో ఉన్నాయి. కూతురివి చాలావరకు అంతకంటే త్వరగా పడ్డవే. కొన్ని మాత్రం ఎక్కడో పైఅంచున, మరీ ఆలస్యంగా పడ్డాయి.

"చూశారా, మనసు పెడితే నన్నే మించింది! మరి ఇవేంటి?" అని పైఅంచు చుక్కలు చూపించాడు తండ్రి.

"అప్పుడూ మనసు పెట్టే ఉన్నాను నాన్నా," అంది పిల్ల. "మధ్యలో ఎక్కడికి పోతానో నాకే తెలీదు. తిరిగొచ్చేసరికి దీపం ఎప్పుడో వెలిగి ఉంటుంది."

"మీ బస్సు బ్రేకు తొమ్మిదిసార్లు పట్టి పదోసారి పట్టకపోతే?" అడిగింది బటనమ్మ.

"షెడ్డుకి పంపుతాను."

"కొట్టరు కదా?"

డ్రైవరు పైఅంచు చుక్కల్ని వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టాడు.

"ఇదొక్కటీ చూసి ఏమీ తేల్చలేం, అది డాక్టరుగారి పని. కానీ ఇందులో పొగరైతే నాకు కనిపించట్లేదు," అని రెండు కాగితాలూ ఫారానికి పిన్ను కొట్టింది.

డాక్టరుగారి గదినుంచి పిలుపొచ్చింది. పిల్ల వరండా కిటికీ దగ్గర నిలబడి ఉంది. "అమ్మడూ," అన్నాడు తండ్రి. పలకలేదు. అలవాటుకొద్దీ గట్టిగా అరవబోయి ఆగాడు. వెళ్లి పక్కనే నిలబడ్డాడు. కాసేపటికి పిల్ల తల తిప్పి, ఉలిక్కిపడి, చెంపకి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"చాలాసార్లు పిలిచావా నాన్నా?"

ఆ చెయ్యి మెల్లగా పట్టుకుని కిందికి దించాడు. "లేదు తల్లీ. ఒక్కసారే."