ఘాటు ఎక్కేటప్పుడు విడవని చెప్పులు

పోయిన నెల మా బిడ్డ నన్ను నిర్మల్ దగ్గరి ఘాటు రోడ్డు పైకి తీసుకుపోయింది. కొత్త హైవే పడ్డాక ఆ పాత రోడ్డు మీద లారీలు తగ్గాయి. ఇప్పుడు పైన ఒక ఇనుప కంచె, నాలుగు సిమెంటు బెంచీలు, ఒక మిర్చీ బజ్జీల బండి. జనం అడవిని వెనక పెట్టుకుని ఫొటోలు దిగుతున్నారు. అందరూ చూడటానికి వస్తారు, నేను కూర్చోవడానికి వచ్చినట్టుంది. మోకాళ్లు అరిగాయి. ఈ మధ్య ఏదైనా అందంగా ఉందని ఒప్పుకోవడానికి కూడా ఓపిక ఉండటం లేదు. కానీ బెంచీ పక్కన, లోయ వైపు, చేత్తో కొట్టిన రాళ్ల పిట్టగోడ కనబడగానే అవ్వ గుర్తొచ్చింది. మా వైపు అవ్వంటే కన్నతల్లే.

చిన్నప్పుడు ఏటా ఎండాకాలం ఖానాపూర్ నుంచి ఆదిలాబాద్‌లోని పెద్దమ్మ ఇంటికి పోయేవాళ్లం. బస్సు నిర్మల్ దాటి ఘాటు ఎక్కడం మొదలుపెట్టగానే అవ్వ చెప్పులు విడిచి ఒళ్లో పెట్టుకునేది, నా చేత కూడా విడిపించేది. "గుడి ఇంక రాలే అమ్మా" అని కండక్టర్ నవ్వేవాడు. ఎందుకని నేను అడిగితే "మీ తాత ఏసిన తొవ్వరా గిది" అనేది. బస్సులో సగం మంది వాంతులతో, సగం మంది నిద్రతో ఊగుతుంటే నేను మాత్రం మా సొంత రోడ్డు మీద పోతున్నట్టు కూర్చునేవాణ్ణి.

ఆ గర్వం ఊరుకుంటుందా? పదేళ్లప్పుడు పక్క సీటు పత్తి వ్యాపారితో "గీ రోడ్డు మా తాతనే కట్టిండు. ఇంజనీరు" అన్నాను. ఆయన "అచ్ఛా!" అని అవ్వ వైపు తిరిగాడు. తల ఊపితే పోయేది. అవ్వకు అబద్ధమాడటం రాదు, గొంతు తగ్గించడం అంతకన్నా రాదు. "ఇంజనీరు గాదు బిడ్డా, ఖైదీ. కాళ్లకు బేడీలేసి గీ రాళ్లు కొట్టిచ్చిన్రు" అంది. బస్సంతా విన్నది. ఏం తప్పు చేశాడని వ్యాపారి అడిగితే, "ఏం జేసిండో నాకు తెల్వది. గీ తొవ్వ ఏసిండని ఎరుక" అంది. ఆయన తన సంచీని మెల్లగా అటు పక్కకు జరుపుకున్నాడు. నాకు తల తీసేసినట్టయింది. మరుసటి ఏడాది ఘాటు రాగానే అవ్వ చెప్పులు విడిచింది, నేను విడవలేదు. అవ్వ నా కాళ్ల వైపు ఒకసారి చూసింది. మళ్లీ ఎన్నడూ విడవమని చెప్పలేదు. రెండు దెబ్బలు వేసినా బాగుండేది. సిగ్గుపడాల్సింది తాతను చూసి కాదని నాకు తెలిసివచ్చేసరికి అవ్వ లేదు.

బెంచీ మీద కూర్చుని బూట్ల తాళ్లు విప్పబోతే చేతులు అందలేదు. "ఏంది బాపూ, రాయి గుచ్చుకున్నదా?" అంటూ బిడ్డ నా ముందు నేల మీద కూర్చుని ఒక బూటు విప్పింది. ఇన్నేళ్లు ఆమెకు చెప్పని ముచ్చట అప్పుడు చెప్పాను, ఖైదీ అన్న మాట మింగకుండా. మిర్చీల బండి దగ్గరి వాళ్లు తిరిగి చూశారు. చూడనీ అనుకున్నాను. బిడ్డ రెండో బూటు కూడా విప్పి పక్కన పెట్టి, "జర పైలం, రాళ్లు కాలుతున్నయ్" అని చెయ్యి అందించింది. నిజంగానే కాలుతున్నాయి. బస్సులో ఒక్కసారి వంగి విడిస్తే అయిపోయేదానికి నాకు యాభై ఏళ్లు పట్టింది.