ఆదివారం రాని బస్సు

మా ఆయన జర్మన్ డ్రైవింగ్ పరీక్ష మూడుసార్లు తప్పాడు. హైదరాబాద్‌లో పదేళ్ళు కారు నడిపిన మనిషి. ఇక్కడికొచ్చిన ఆరు నెలల తర్వాత మన లైసెన్సు చెల్లదు. మళ్ళీ రాతపరీక్ష రాయాలి, పక్కన ఎగ్జామినర్‌ను పెట్టుకుని నడిపి చూపాలి. నేను మొదటిసారికే పాసయ్యాను. మేముండే బ్యోబ్లింగెన్‌లో కూరగాయలకు వెళ్ళాలన్నా, మా అమ్మాయిని ఈత క్లాసులో దింపాలన్నా నేనే నడిపేదాన్ని. ఆయన పక్కసీట్లో ఫోన్ చూసుకుంటూ కూర్చునేవాడు. పెద్దగా బాధపడుతున్నట్టు ఉండేది కాదు. బాధపడేలా చేసింది నేను.

ఆ ఏడాది చలికాలం చివర్లో ఒక స్నేహితురాలి ఇంట్లో పుట్టినరోజు పార్టీ. ఇరవై మంది దాకా ఉన్నాం, అందరూ మనవాళ్ళే. ఎవరో ఆయన్ని అడిగారు, "అన్నా, లైసెన్స్ అయిందా?" అని.

"ఇంకా టెర్మిన్ దొరకలే," అన్నాడాయన, పరీక్షకు తేదీ ఇవ్వలేదన్నట్టు.

నేను ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. "టెర్మిన్ ఎందుకు దొరకలే? మూడు దొరికినయ్. మూడిట్ల ఫెయిలయిండు," అన్నాను. అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు బాగుంది. లేచి నిలబడి, లేన్ మారే ముందు ఆయన భుజం మీదుగా ఎలా చూస్తాడో చేసి చూపించాను. మెడ తిప్పడం, బెదురుచూపు, గట్టిగా పట్టుకున్న స్టీరింగ్, అన్నీ. ఒకామె నవ్వలేక కళ్ళు తుడుచుకుంది. ఎనిమిదేళ్ళ మా అమ్మాయి చప్పట్లు కొట్టి, "నోహ్‌మాల్, మమ్మీ!" అంది, మళ్ళీ చెయ్యమని. మళ్ళీ చేశాను.

తిరిగి వస్తుంటే కార్లో ఆయన ఒక్కమాటే అడిగాడు. "గంత మంది ముందట అనాల్నా?"

"జోక్ చేసిన. గింత దానికే గట్లయితే ఎట్ల?"

జూన్‌లో బడికి రెండు వారాలు సెలవులు. ఇటలీ వెళ్దామని ముందే అనుకున్నాం. ఫ్లోరెన్స్‌లో కారు అద్దెకు తీసుకుని పల్లెలన్నీ తిరగాలని నా ఆశ. వెళ్ళొచ్చినవాళ్ళందరూ, కారు లేకపోతే అక్కడ ఏమీ చూడలేరనే చెప్పారు. పార్టీ జరిగిన వారానికి ఆయన ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టాడు.

"కారు వద్దు. ట్రైన్ల, బస్సుల పోదాం. నేను చూసుకుంట."

ఆ మాటకు అర్థం నాకు తెలుసు. నా పక్కసీట్లో పదిరోజులు కూర్చోనని. నేను సరేనన్నాను, ఎక్కడో ఒకచోట తప్పక బోల్తా పడతాడనే నమ్మకంతో.

పడలేదు. మూడునెలలు కూర్చుని తయారుచేసిన పట్టిక అది. ఏ ఊరికి ఏ బస్సు, టికెట్ ఏ సిగరెట్ల కొట్లో అమ్ముతారు, తిరుగు బస్సు ఎప్పుడు, అన్నీ రంగులు వేసి రాసుకున్నాడు. ఒక చిన్న పట్నంలో ఒక ముసలావిడ ఇంట్లో గది తీసుకున్నాం. మొదటి మూడు రోజులూ ప్రతి బస్సూ వచ్చింది. వచ్చిన ప్రతిసారీ ఆయన నావైపు తిరిగేవాడు. "చూసినవా? రెండు నిమిషాలు సుత లేట్ లేదు." మూడో రోజు బస్సులో ఒక కన్నడ జంట కలిశారు. మేము కూడా కారు లేకుండానే తిరుగుతున్నామా అని వాళ్ళు ఆశ్చర్యపోతే, ఆయన ఇంగ్లిష్‌లో చెప్పాడు, "నా భార్యకు మొదట కష్టంగానే ఉండింది. తనకు కాళ్ళున్నాయన్న సంగతే మరిచిపోయింది." కన్నడామె నా నడుము వైపు చూసి చూపు తిప్పుకుంది. మా అమ్మాయి నవ్వింది.

ఆ సాయంత్రం ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు ముసలావిడ ఉతికిన తువ్వాళ్ళు ఇవ్వడానికి వచ్చింది. బల్లమీద మర్నాటి కాగితం ఉంది. రైల్లో ఒక చిన్న స్టేషన్‌కు, అక్కడినుంచి పది నలభై బస్సులో కొండమీది ఊరికి. గొర్రెపాల జున్ను చేసే ఊరు అది. మర్నాడు ఆదివారం. టైమ్‌టేబుల్‌లో ఆ బస్సు పక్కన 'ఫెరియాలె' అని ఉంది. జర్మన్‌లో ఫేరియన్ అంటే సెలవులు. ఈ మాటా అదేననుకుని, సెలవు రోజుల్లోనూ నడుస్తుందని ఆయన పచ్చరంగు వేసుకున్నాడు. ముసలావిడ ఆ మాట మీద వేలు పెట్టి తల అడ్డంగా ఊపింది. సోమవారం నుంచి శనివారం దాకా వేళ్ళమీద లెక్కపెట్టి చూపించి, ఆదివారానికి గాల్లో చెయ్యి ఊపింది. లేదు.

నేను ఆమెకు థాంక్స్ చెప్పాను. ఆయన స్నానం చేసి బయటికి వచ్చాడు. నేను తువ్వాలు అందించాను. బస్సు సంగతి చెప్పలేదు.

ఆ స్టేషన్‌లో మేము ముగ్గురమే దిగాం. మనుషులు లేరు, కాఫీ కొట్టు మూసి ఉంది, నీడ లేదు. పది నలభై అయింది. పదకొండయింది. ఆయన రోడ్డు మలుపు దాకా వెళ్ళి చూసొచ్చాడు, కాగితం చూశాడు, ఫోన్ చూశాడు, మళ్ళీ మలుపు దాకా వెళ్ళాడు. మెడమీద చెమట కాలర్‌లోకి దిగుతోంది. నేను బెంచీమీద కూర్చుని చూస్తున్నాను. బాగుంది నాకు. దాచి లాభం లేదు, చాలా బాగుంది.

"ఏమైంది? పచ్చరంగు ఏసినవ్ గద?" అన్నాను.

తిరుగు రైలు సాయంత్రం నాలుగింటికి. పదకొండున్నరకు ఆయన నడుద్దామన్నాడు. ఏడు కిలోమీటర్లు. అప్పుడైనా చెప్పి, నీడ వెతుక్కుని ఆగిపోవచ్చు. "పా, కాళ్ళున్నయ్ గద నాకు," అని నేనే ముందు నడిచాను.

మూడు కిలోమీటర్లు వెళ్ళేసరికి నీళ్ళు అయిపోయాయి. మా అమ్మాయి మొహం ఎర్రబడింది. తల నొస్తోందంది. ఇంకొంచెం దూరం నడిచి రోడ్డు పక్కన వాంతి చేసుకుంది. రెండోసారి చేసుకున్నాక నిలబడలేకపోయింది. ఆయన దాన్ని ఎత్తుకుని ఎండకు తన వీపు అడ్డంపెట్టి నిలుచున్నాడు. నాకు అప్పుడు భయం వేసింది. అంతవరకు వెయ్యలేదు.

గడ్డిమోపులతో వస్తున్న ఒక రైతు ట్రక్కు ఆపాడు. నీళ్ళిచ్చాడు, పిల్ల తలమీద తడిగుడ్డ వేశాడు. మా ఆయన కాగితం చూపించి బస్సు రాలేదని సైగ చేస్తే, రైతు ఆ మాటే చూపించి గబగబా ఏదో చెప్పాడు. ఆయనకు అర్థం కాలేదు.

"ఫెరియాలె అంటే పనిరోజులు. ఆదివారం ఉండదు," అన్నాను నేను.

ఆయన నావైపు తిరిగాడు. "'పనిరోజులట' అనలే నువ్వు. 'పనిరోజులు' అన్నవ్. ఎప్పటిసంది ఎరుక నీకు?"

"నిన్నటిసంది."

అరుస్తాడనుకున్నాను. అరవలేదు. పిల్లను ఎత్తుకుని రైతు పక్కన కూర్చున్నాడు. ముందు ఇంకొకరికి చోటు లేదు. నేను స్టేషన్ దాకా వెనక గడ్డిలో కూర్చుని వచ్చాను.

సాయంత్రానికి పిల్ల తేరుకుంది. మర్నాడు నేను లేచేసరికి గదిలో ఇద్దరూ లేరు. సోమవారం బస్సు సమయానికే వచ్చింది. ఆ సంగతి చీకటిపడే ముందు వాళ్ళు తిరిగొచ్చాక తెలిసింది. మా అమ్మాయి జర్మన్‌లో ఊపిరాడకుండా చెప్పింది: జున్ను కాచే పెద్ద గిన్నె, చెయ్యి నాకిన గాడిద, కొండ మీదినుంచి అగ్గిపెట్టెల్లా కనిపించిన ఇళ్ళు. ఆయన నవ్వుతూ విన్నాడు. తర్వాత నాతో ఎంతో మర్యాదగా అన్నాడు:

"రేపు సుత మేమిద్దరమే పోతం. మీరు అలసిపోయిన్రు, ఆరాం చేస్కోండ్రి."

పెళ్ళయిన పదకొండేళ్ళలో ఆయన నన్ను ఎప్పుడూ మీరు అనలేదు.

బుధవారం నేను ఆగలేక వాళ్ళ వెనకే బస్‌స్టాప్‌కు వెళ్ళాను. ఆయన రెండు టికెట్లు తీసి డ్రైవర్‌కు చూపించాడు. నాకు టికెట్ లేదు, బస్సులో అమ్మరు. కొట్టు అవతలి వీధిలో ఉంది. "ఒక్క నిమిషం ఆగమను," అన్నాను. ఆయన అమ్మాయిని కిటికీ పక్కన కూర్చోబెట్టి సంచీ సర్దుకున్నాడు. తలుపులు మూసుకున్నాయి. అమ్మాయి అద్దానికి అరచెయ్యి ఆనించి ఆయన్ని ఏదో అడిగింది. ఆయన దాని చెవిలో ఏం చెప్పాడో తెలియదు, అది నావైపు చూసి పకపకా నవ్వింది.

బస్సు కొండ వైపు తిరిగింది. నేను గదికి వెళ్ళి, ముసలావిడ అడగకముందే, కడుపునొప్పిగా ఉందని చెప్పి పడుకున్నాను.