ఇమానం డాక్టర్ చెయ్యి

అస్సాంలోని ఆ ఎయిర్‌బేస్‌కు నేను చేరింది డిసెంబర్‌లో, ఉదయం ఆరున్నరకు. డెబ్బై ఒకటి యుద్ధం అప్పుడే మొదలైంది. రన్‌వేకు ఒక పక్క టీ తోట, ఇంకో పక్క కోతలైన వరి పొలాలు. పొగమంచు తొమ్మిదికి గానీ విడవదు. నా సామాను ఒక ట్రంకు పెట్టె, రెండు కంబళ్లు, పానాల సంచి. నేను ఎగిరేవాణ్ని కాను, ఇంజన్ చూసే ఎయిర్‌మన్‌ని. ఊరు చేవెళ్ల దగ్గర ఆలూరు. వయసు ఇరవై.

విమానం కదిలే ముందు ఒక రిజిస్టరు ఉంటుంది. అంతా చూశాను, బాగుంది అని నేను సంతకం పెట్టాలి. దాని కింద పైలట్ పెడతాడు. నా సంతకం లేకుండా ఎంత పెద్ద ఆఫీసరైనా ఇంజన్ స్టార్ట్ చేయకూడదు. ఇరవై ఏళ్లవాడికి అది ఎంత పొగరిస్తుందో మీరే ఊహించుకోండి.

నాకు అప్పగించిన జెట్ పైలట్‌ది సికింద్రాబాద్. అంత దూరంలో తెలుగు వినపడేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఏ ఊరు యాకోబు మనది?" అని అడిగారు.

"ఆలూరు సార్. చేవెళ్ల పక్కన."

"అయితే మనం దగ్గరోళ్లమే. ఫికర్ చెయ్యకు."

ఐదో రోజు ఆయన ఎడమ దవడ వాచింది. పుచ్చుపన్ను. విమానం పైకెక్కే కొద్దీ గాలి ఒత్తిడి తగ్గి పన్నులో పోటు పెరుగుతుందట. నిచ్చెన ఎక్కుతూ నెమ్మదిగా చెప్పారు.

"పైకి పోతే కండ్లల్ల నీళ్లు తిరుగుతున్నయ్ యాకోబు. డాక్టర్‌కు తెలిస్తే నన్ను కూసోబెడ్తడు. నువ్వు చెప్పకు."

నేను చెప్పలేదు. సంతకం పెట్టేశాను. విమానం నిజంగానే బాగుంది.

పది ఇరవైకి ఎగిరారు. పదకొండూ ఐదుకు రేడియో ఆపరేటర్ డేరాలోంచి తల బయటపెట్టి, "మీ సాబ్ వస్తున్నాడు. మాట తేడాగా ఉంది" అన్నాడు. విమానం రన్‌వే మీద రెండుసార్లు ఎగిరిపడింది. ఎడమ చక్రం విరిగింది. రెక్క నేలను గీసుకుంటూ టీ తోటలోకి పోయింది. పరిగెత్తి సీటు పట్టీలు కోసింది నేనే. ఆయన చెవిలోంచి రక్తం కారుతోంది.

స్ట్రెచర్ మీద నా చొక్కా పట్టుకున్నారు. "చెప్పకన్నది నేను. నీ తప్పు లేదు. గని మల్ల నాకు ఎప్పుడన్న ఏదన్న పాడైతే, నేను వద్దన్నా చెప్పాలె."

విచారణలోనూ అదే చెప్పారు. పన్ను సంగతి తానే దాచానన్నారు. నా ఉద్యోగం ఆ ఒక్క మాట మీద నిలిచింది. ఈ రోజు నేను తింటున్న పెన్షన్ కూడా ఆయన పెట్టిందేనని అనుకుంటాను.

ఒక చెవి వినికిడి పోయిన పైలట్‌ను మళ్లీ ఎగరనివ్వలేదు. ఇంకొకరైతే కుంగిపోయేవారు. ఆయన ముప్పై ఏళ్ల వయసులో పుస్తకాలు పట్టి పళ్ల డాక్టరయ్యారు. "నన్ను కింద పడేసింది పన్నే కద, దాని సంగతే చూస్త" అనేవారు. నేను ఎప్పుడో చెప్పిన ఊరి పేరు గుర్తు పెట్టుకుని, చేవెళ్లలో రెండు గదులు కిరాయికి తీసుకున్నారు. మొన్న వానాకాలంలో పోయేదాకా ఆయన ఇక్కడి మనిషే. చిన్న మంగళారం రైతులూ, మొయినాబాద్ సాఫ్ట్‌వేర్ కుటుంబాలూ అందరూ వచ్చేవారు. విమానం నడిపినవాడని జనం పెట్టిన పేరు ఇమానం డాక్టర్.

నేను రిటైరై కనకమామిడిలో ఇల్లు కట్టుకున్నాక ప్రతి శనివారం వెళ్లి ఆయన కుర్చీ, కంప్రెసర్ చూసేవాణ్ని. పంటి కుర్చీకి కూడా రిజిస్టరు పెట్టిన మహానుభావుడాయన. పైన నా సంతకం, కింద ఆయనది. అప్పుడే ఆ రోజు మొదటి పేషెంటు నోట్లో చెయ్యి పెట్టేవారు.

రెండేళ్ల కిందట ఒక శనివారం, ఉదయం పదకొండు. కుర్చీలో మా ఆలూరు సాలమ్మవ్వ. సార్ మత్తుమందు సూది చేతికి తీసుకున్నారు. సూది మొన వణుకుతోంది. నేను పెన్ను మూసి జేబులో పెట్టుకున్నాను.

"సంతకం పెట్టవేంది?"

"కుర్చీ బాగున్నది సార్. మెషిన్ బాగున్నది. మీ చెయ్యి బాగలేదు."

ఆయన నా వైపు తిరిగారు. "ఎన్నొద్దుల సంది చూస్తున్నవ్?"

"మూడు వారాలైంది సార్."

"మరి ఇన్నొద్దులు ఎందుకు ఆగినవ్?"

"మీరు ఈ పని లేకుంట ఎట్ల ఉంటరో అని భయమైంది."

సూదిని ట్రేలో పెట్టారు. యాభై ఏళ్ల కింద నేను నోరు మూసుకుంటే ఆయన ఆకాశం పోయింది. ఇప్పుడు నోరు తెరిచి, ఉన్న పని కూడా పోగొట్టాను.

"జర లేటైంది. గని చెప్పినవ్" అని నా భుజం తట్టారు. "నీకు రుణపడి ఉంట యాకోబు." ఆ మాట నేను ఆయనతో అనాల్సింది.

"మరి నా పన్ను ఎవలు పీకుతరు సారూ?" అంది అవ్వ.

రోడ్డుకు అవతల, మొయినాబాద్ నుంచి వచ్చే ఒక పళ్ల డాక్టరమ్మ కొత్తగా క్లినిక్ పెట్టింది. సార్ కోటు విప్పకుండానే అవ్వను లేపి అక్కడికి నడిపించారు. నేను గడపలో నిలబడిపోయాను.

ఆ సాయంత్రం కనకమామిడి బస్సెక్కినా గడపలోంచి చూసిన ఆ దృశ్యం నన్ను వదల్లేదు. ఇప్పటికీ వదలదు. క్లినిక్ ముందు బీజాపూర్ రోడ్డు మీద రెండు వైపులా ఆగిన లారీలు. మధ్యలో తెల్ల కోటులో ఆయన, పక్కన అవ్వ. ఆయన చెయ్యి అంత దూరానికీ వణుకుతూ కనపడుతోంది. అవ్వ దాన్ని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"మెల్లగ నడువు సారూ. నేను పట్టుకున్న కద."